ఊడ్పుల పాటకు పాతిక వేలు... సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. నాకు 26 ఏళ్లు. పక్క ఊళ్లో ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మూడేళ్లుగా సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, మా బాబాయి గారి అబ్బాయి గిటారు వాయిస్తుంటే ఇంట్లోనే ఫోనులో రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నాను. ఇప్పటికి ఏడు పాటలయ్యాయి. అన్నీ కలిపి పద్నాలుగు వేల సార్లు విన్నారు. అందులో పదకొండు వేలు ఒక్క పాటవే. అది మా అమ్మమ్మ వరి ఊడ్పుల్లో, అంటే నాట్లప్పుడు, పాడే పాట. ఆమె గొంతుతోనే మొదలుపెట్టి, నేను రెండు చరణాలు రాసి కలిపాను. మూడేళ్లలో నాకు వచ్చింది 612 రూపాయలు. పాటలు పెట్టడానికి పంపిణీ సంస్థకు ఏటా కట్టే రుసుమే అంతకన్నా ఎక్కువ. ఇప్పుడు ఒక సంస్థ వారు ఆ ఊడ్పుల పాటకు 25,000 రూపాయలు ఇస్తామని ఒప్పంద పత్రం పంపారు. దాని నకలు జతపరుస్తున్నాను. సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, ఇక ఈ పాటల పని చాలించమని నాన్నగారు అంటున్నారు. సంతకం పెట్టనా? పాటలు మానేయనా? అమ్మమ్మకు ఆ పాటవి ఇంకా నాలుగైదు చరణాలు గుర్తున్నాయి.
– స., కోనసీమ

సమాధానం:

అమ్మా,

ముందు సంతకం సంగతి. పెట్టకండి. ఇప్పుడున్న రూపంలో ఆ కాగితం మీద అసలు పెట్టకండి. మీరు పంపిన నకలు రెండుసార్లు చదివాను. మూడో పేరాలో "సర్వ హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న మరియు ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ" అని ఉంది. పాతిక వేలకు వాళ్లు కొంటున్నది పాట ఒక్కటే కాదు, ఆ పాటతో ఇకమీదట జరగబోయేదంతా. నాలుగు పేజీల్లో ఎక్కడా మీ అమ్మమ్మగారి పేరు లేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. 1994లో నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి ఎనిమిది లలిత గీతాలతో ఒక క్యాసెట్ చేశాం. అప్పుడప్పుడూ రేడియోలో పాడేవాళ్లం, అదే మా ధైర్యం. రెండు రాత్రుల్లో రికార్డింగు ముగించాం. మూడో రాత్రి నేల మీద చాప పరుచుకుని క్యాసెట్ పెట్టెల్లో పెట్టే అట్టలు మడిచాం. అచ్చు కాస్త పక్కకు జరగడంతో పాటలు రాసిన మా మిత్రుడి పేరు సరిగ్గా మడతలో పడింది. అట్ట విప్పి చూస్తే తప్ప ఆ పేరు కనిపించదు. "పోనీలెండి, పాట వినిపిస్తుంది కదా" అన్నాడతను. ఆ తరువాత ఒక క్యాసెట్ల కంపెనీ మూడు వేల రూపాయలిచ్చి మాతో ఒక కాగితం మీద సంతకాలు చేయించుకుంది. అందులోనూ "అన్ని రూపాల్లో, ఎప్పటికీ" అనే ఉంది. ఆ మూడు వేలు మాకప్పుడు ఎంతో గొప్పగా అనిపించాయి.

పాతికేళ్లు గడిచాక మా అమ్మాయి ఆ క్యాసెట్‌లోని ఒక పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, నా పుట్టినరోజుకని ఇంటర్నెట్‌లో పెట్టింది. మర్నాటికల్లా నోటీసు వచ్చింది. ఈ పాట మీది కాదు, దీని హక్కుదారులు వేరే ఉన్నారని. ఆ కంపెనీ ఈలోగా రెండు చేతులు మారింది. ఇప్పటి యజమానులకు మేమెవరమో కూడా తెలియదు. వాళ్లు పెట్టిన పాట కింద రచయిత పేరే లేదు. మా మిత్రుడు అప్పటికి చనిపోయి మూడేళ్లు. ఆ రోజు నేను ఏడ్చింది డబ్బు కోసం కాదు.

మీకు మాకన్నా మంచి చట్టం ఉంది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం పాట రాసినవారూ బాణీ కట్టినవారూ హక్కులు వేరొకరికి రాసిచ్చినా, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును మాత్రం వదులుకోలేరు. ఆ హక్కును వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఇస్తున్నానని కాగితం మీద రాసినా చెల్లదు. అదే సవరణలో ఇంకో మాట ఉంది. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప. మీ కాగితంలో "ఇకపై రాబోయే" అన్న మాట ఎందుకు వచ్చి కూర్చుందో ఇప్పుడు అర్థమైంది కదా. ఎంత కాలమో రాయకపోతే చట్టం ఐదేళ్లనే అనుకుంటుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకేనని అనుకుంటుంది. అందుకే "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న మాటలు అంత శ్రద్ధగా చేర్చారు. చట్టం మీ వైపు ఉన్నా, కోర్టుకు వెళ్లే స్తోమత మనలాంటివాళ్లకు ఉండదు. కాబట్టి సంతకానికి ముందే జాగ్రత్తపడాలి.

వాళ్లకు నిజంగా పాట నచ్చి ఉంటే బేరానికి వస్తారు. మూడేళ్లకో ఐదేళ్లకో, ఆ ఒక్క రికార్డింగుకే అనుమతి ఇవ్వండి. వచ్చేదానిలో వాటా, ఆరు నెలలకోసారి లెక్క, పాట కింద అందరి పేర్లు అడగండి. గొంతును పోలిన గొంతు తయారుచేయడానికి ఈ రికార్డింగును యంత్రాలకు ఇవ్వకూడదని కూడా రాయించండి. బాలు గారి గొంతును కృత్రిమ మేధతో మళ్లీ పలికించారని 2024లో ఆయన కుటుంబం న్యాయపరంగా నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. అంత పేరున్నవారికే ఆ తిప్పలు తప్పలేదు. వీటికి ఒప్పుకోకపోతే వాళ్లకు కావలసింది మీ పాట కాదు, మీకు తెలియని తనం. సంతకం పెట్టే పరిస్థితి వస్తే, ముందుగా ఒక లాయరుకు చూపించండి. అమలాపురంలోనో కాకినాడలోనో ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఫీజు దండగ కాదు.

ఇక 612 రూపాయలు. ఆ అంకె మిమ్మల్ని ఎంత కుంగదీసిందో ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. అది మీ పాటకు కట్టిన విలువ అనుకుంటున్నారు. కాదమ్మా. ఆ లెక్క ఎలా వేస్తారో తెలిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

పాటలు వినిపించే పెద్ద వేదికల్లో చాలావరకు చందాల డబ్బూ ప్రకటనల డబ్బూ ఒకే హుండీలో పడతాయి. నెలాఖరున ఆ హుండీని మొత్తం ఎన్నిసార్లు విన్నారన్న లెక్క మీద పంచుతారు. మీ ఊరి టీచరమ్మ ఒకరు నెలంతా మీ పాటే విన్నా, ఆవిడ కట్టిన చందా మీకు రాదు. అందులో ఎక్కువ భాగం కోట్లసార్లు వినబడే పాటలకే పోతుంది. పైగా మన దేశంలో డబ్బు కట్టి వినేవారు తక్కువ. హుండీయే చిన్నది. స్పాటిఫై 2024 నుంచి ఇంకో నియమం పెట్టింది. గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినబడని పాటకు రికార్డింగు రాయల్టీయే లెక్కకట్టరు. మీ మిగతా ఆరు పాటలూ కలిపి మూడేళ్లలో మూడు వేలు. అంటే ఆ ఆరు పాటలకూ అక్కడ పైసా రావడం కూడా కష్టమే. అవి బాగాలేక కాదు, ఆ గీత దాటక.

ఆ గీతకు కింద ఎంతమంది ఉన్నారో కూడా తెలుసుకోండి. పాటల లెక్కలు తీసే లుమినేట్ అనే సంస్థ ప్రకారం 2023 చివరికి ఇలాంటి వేదికల మీద 18.4 కోట్ల పాటలున్నాయి. వాటిలో నాలుగున్నర కోట్లకు పైగా పాటలను ఆ ఏడాది ఒక్కరూ ఒక్కసారి కూడా వినలేదు. రోజూ లక్షకు పైగా కొత్తవి వచ్చి చేరుతున్నాయి. ఇప్పుడు యంత్రాలు కూడా పాడుతున్నాయి. తమ దగ్గరికి రోజూ వచ్చే కొత్త పాటల్లో మూడో వంతు, అంటే దాదాపు 50,000, పూర్తిగా యంత్రం తయారుచేసినవేనని ఫ్రాన్సుకు చెందిన డీజర్ అనే వేదిక 2025 నవంబరులో ప్రకటించింది. ఇంత రద్దీలో పల్లెలో కూర్చుని ఫోనులో రికార్డు చేసిన పాట పదకొండు వేల సార్లు వినబడిందంటే, అది చిన్న సంగతి కాదు. ఎవరో విని, ఇంకెవరికో పంపి ఉంటారు. లేకపోతే అలా జరగదు.

కోట్లసార్లు వినబడితే మాత్రం కష్టం తీరుతుందా? తమిళంలో 2021లో "ఎంజాయ్ ఎంజామి" అని సినిమాతో సంబంధం లేని పాట ఒకటి వచ్చింది. అందులోనూ ముసలివాళ్ల మాటలు, మట్టి, విత్తనం, పొలం. నలభై కోట్లసార్లకు పైగా చూశారు. మూడేళ్ల తరువాత, 2024 మార్చిలో, ఆ పాటకు సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ ఒక వీడియోలో తమకెవరికీ ఆ పాట మీద ఒక్క పైసా అందలేదని బహిరంగంగా చెప్పారు. ఎన్నిసార్లు విన్నారన్నది ఒక లెక్క. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా వస్తుందన్నది ఇంకో లెక్క. రెండోది మీ చేతిలో ఉంచుకోవాలనే నా తాపత్రయం.

మన తెలుగులో ఇలాంటి పాటను ఏమంటామో గుర్తుందా? "ప్రైవేటు పాట". సినిమా పాట ఊరుమ్మడి సొత్తు అయినట్టూ, తక్కినవన్నీ ఎవరింట్లోవో అయినట్టూ. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఘంటసాల గారి పుష్పవిలాపం పద్యాలు ఏ సినిమాలోవీ కావు. ఎమ్మెస్ రామారావు గారి సుందరకాండ సినిమాలోది కాదు. సాలూరి రాజేశ్వరరావు గారూ రావు బాలసరస్వతీ దేవి గారూ పాడిన లలిత గీతాలు సినిమా పాటలు కావు. అవి తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. అయితే వాటి వెనుక ఎవరో ఒకరు నిలబడ్డారు. గ్రామఫోను కంపెనీ నిలబడింది, ఆకాశవాణి నిలబడింది. రేడియోలో "ఈ మాసపు పాట" అని నెలంతా ఒకే పాట వినిపించి, జనం చేత నేర్పించేవారు. నెలాఖరుకు మా వీధిలో సగం మందికి ఆ పాట వచ్చేసేది. పాటను ఎంచేవారు ఒకరు, వాయిద్యగాళ్లకు జీతం ఇచ్చేవారు ఒకరు, వినిపించేవారు ఒకరు. ఇంటర్నెట్ వచ్చి ఆ వినిపించే పని ఒక్కటే తీసుకుంది. తక్కిన బరువంతా మీ ఒక్కరి భుజాల మీద పెట్టింది. మీకు అలసట రావడంలో మీ తప్పేమీ లేదు.

మరి ఎలా బతకాలి? తెలంగాణలో గత పదేళ్లుగా జానపదం పాడేవాళ్లు ఏం చేస్తున్నారో గమనించండి. యూట్యూబులో పాట పెడతారు. ప్రకటనల డబ్బు కొంత వస్తుంది. కానీ ఇల్లు గడిపేది పెళ్లిళ్లు, బోనాలు, బతుకమ్మ, ఊరి జాతరలు. వీడియో వాళ్లకు పిలుపు తెచ్చే దండోరా. అసలు సంపాదన ఎదురుగా మనుషులున్న చోట. మంగ్లీ గారు పండుగ పాటలతోనే ఇంటింటికీ తెలిశారు. హైదరాబాదులో చౌరస్తా బృందంలో పాడిన రామ్ మిరియాల కూడా సొంత పాటలతోనే జనంలోకి వచ్చారు. ఇద్దరూ తరువాత సినిమాల్లో పాడారు. అది వారి గెలుపే, కానీ అదొక్కటే గెలుపనుకుంటే మాత్రం మీ ఊడ్పుల పాటకు అన్యాయం చేసినట్టే.

మీకు పదకొండు వేల సార్లు విన్నవాళ్లు అక్కర్లేదు. పేరుతో తెలిసిన రెండు వందల మంది కావాలి. పాట కింద మంచి మాట రాసినవారు, ఇంకో చరణం ఉందా అని అడిగినవారు, మా నాయనమ్మ కూడా ఇలాగే పాడేదని చెప్పినవారు, వీళ్లను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ పాట నచ్చింది. ఎవరికైనా నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే అడగకండి. కొత్త పాట కట్టినప్పుడు ముందు వాళ్లకు పంపండి. వేదికలను నమ్ముకోవద్దని ఎందుకంటున్నానంటే, అవి ఎప్పుడు మూస్తారో మనకు తెలియదు. మన దేశంలో 2024 జనవరిలో రెస్సో మూసేశారు, అదే ఏడాది వింక్ కూడా మూతపడింది. వినేవారు నేరుగా కళాకారులకు డబ్బిచ్చి పాట కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ అనే మంచి దుకాణం ఒకటుంది. అది కూడా 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి అమ్ముడుపోయింది. రెండోసారి సగం మంది ఉద్యోగులను తీసేశారు. దుకాణం పోయినా మీ నోటుపుస్తకం మీ దగ్గరే ఉంటుంది.

ఆ రెండు వందల మందిలో పదిమంది మీకు చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటారు. ఒకరింటి అరుగు మీద, సాయంత్రం, ముప్పై మంది ముందు పాడండి. మైకు అక్కర్లేదు, తమ్ముడి గిటారు చాలు. బడిపిల్లల చేత ఒక పాట కోరస్ పాడించండి. డబ్బు అడగడానికి సిగ్గుపడకండి. హరికథకు పళ్లెం తిప్పిన ఊళ్లు మనవి. మొదటిసారి ఎంత వచ్చినా 612 కన్నా ఎక్కువే వస్తుందని నా నమ్మకం. ఇంకో పని కూడా చేయండి. ఆకాశవాణిలో లలిత సంగీతానికి ఆడిషన్ ఇవ్వండి. విజయవాడ కేంద్రం వారు దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోండి. గ్రేడు వస్తే పాడిన ప్రతిసారీ పారితోషికం ఉంటుంది. దానికన్నా ముఖ్యం, మీ పాటను నిదానంగా విని తప్పు చెప్పేవారు అక్కడ దొరుకుతారు. మన ఒంటరి గదుల్లో అదే కరవు.

మీరు రచయిత్రీ సంగీతకర్తా కూడా కాబట్టి ఐపీఆర్ఎస్ అనే సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు చేసి, మీ సొంత పాటలను నమోదు చేయించుకోండి. పాట ఎక్కడైనా ప్రసారమైతే రచయితకూ స్వరకర్తకూ రావలసింది వసూలు చేసేది అదే. ఎవరైనా వచ్చి ఇంత డబ్బిస్తే లక్షసార్లు వినబడేలా చేస్తామంటే దగ్గరికి రానివ్వకండి. అవి మనుషుల వినికిళ్లు కావు. పట్టుబడితే పాటనే తీసేస్తారు.

నాన్నగారి మీద కోపం పెంచుకోకండి. ఆయన ముందు 612 అన్న అంకె ఒక్కటే ఉంది. ఆయన దిగులు న్యాయమైనదే. బడి ఉద్యోగం మానవద్దు, పాటల కోసం అప్పు చేయవద్దు. జీతంలోంచి నెలకు ఇంత అని పక్కన పెట్టండి, అంతకు మించి పైసా తీయనని ఆయనకు మాట ఇవ్వండి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు రేడియోలో ఉద్యోగం చేస్తూనే తెలుగు లలిత గీతానికి ఒక రూపం తెచ్చారు. ఉద్యోగం ఉన్నంత మాత్రాన పాట తక్కువ కాదు. ఏడాదికి ఒక పాటే చేయండి, పరవాలేదు. వారానికొకటి పెట్టకపోతే జనం మర్చిపోతారన్నది ఆ వేదికల అవసరం, పాట అవసరం కాదు.

ఇప్పుడు ఆ పాట గురించి నాలుగు మాటలు. మూడుసార్లు విన్నాను. వెనక ఎక్కడో బోరు మోటారు నడుస్తోంది. అమ్మమ్మగారు ప్రతి పాదం చివరి అక్షరాన్నీ, వంగిన నడుము లేపి ఒక అడుగు వెనక్కి వేసేంత సేపు సాగదీస్తున్నారు. ఆ పాట కొలత అదే, మొక్క నాటి అడుగు వేసే కొలత. మీరు రాసిన మొదటి చరణం ఆ కొలతకు అందలేదు. మాటలు ఎక్కువై పరుగెత్తింది. రెండోది చక్కగా అతికింది. అక్కడ మీ గొంతులో కూడా అమ్మమ్మ ఊపిరి వినిపించింది. పాట మధ్యలో ఆవిడ గాజులు రెండుసార్లు మోగాయి. తరువాతి రికార్డింగులో అది శబ్దమని తీసేయకండి.

ఊడ్పుల బాణీ మీదీ కాదు, నాదీ కాదు, ఆ సంస్థదీ కాదు. తరాలుగా పొలాల్లో వంగి నాటిన ఆడవాళ్లందరిదీ. కానీ ఆ రికార్డింగు మీది, అందులో గొంతు అమ్మమ్మగారిది. చట్టం పాడినవారికి కూడా హక్కులిచ్చింది. పాతిక వేల గురించి మీ నాన్నగారిని అడిగారు, నన్ను అడిగారు. ఆవిడను అడిగారా? ఆ కాగితాన్ని ఆవిడకు తెలుగులో చదివి వినిపించండి. ఏమంటారో నాకూ రాయండి. పాట కింద మీ పేరుకన్నా ముందు ఆవిడ పేరు, ఊరు రాయండి. మడతలో పడకుండా.

ఇంకా నాలుగైదు చరణాలు ఆవిడకు గుర్తున్నాయని ఉత్తరం చివర రాశారు. ఈ ఊడ్పులు అయిపోకముందే రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, ఫోను ఆవిడకు మూరెడు దూరంలో పెట్టండి. మర్చిపోయి ఆగినా, మళ్లీ మొదటికి వచ్చినా, మధ్యలో ఎవరినో పిలిచినా మీరు మాత్రం ఆపకండి.